పక్కగదిలో పాట

మీరా హుస్సేన్ మాస్టారు మిరప యార్డు వైపు కిటికీలు రెండూ మూసి, గడియ పడని రెక్కకి డస్టరు అడ్డం పెట్టి పిల్లల వైపు తిరిగాడు. మార్చి నెల. మిరప లారీలు రేయింబవళ్లు గుంటూరు దారి పట్టే రోజులు. గాలి కాస్త ఇటు మళ్లిందంటే చాలు, ఆరో తరగతి మొత్తం ఒక్కపెట్టున దగ్గుతుంది.

"అయిందా దగ్గటం? ముక్కులు తుడుచుకున్నారా? పటికబెల్లం చప్పరించారా? ఊఁ, మళ్లీ మొదట్నించి."

శ్రుతిపెట్టె గుయ్యిమంది. ఆయన 'స' పట్టాడు. నలభై గొంతులు ఆయన వెనకాల నడిచాయి. కొన్ని ఆయన అడుగులో అడుగు వేస్తూ, కొన్ని దారి తప్పి పక్క పొలంలోకి దిగుతూ.

అరవైకి చేరువైన మనిషి. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. ఇస్త్రీ తెల్లచొక్కా పై గుండీ దాకా పెట్టుకుంటాడు. ఒంటికీ మొహానికీ పొత్తు లేనట్టు బుగ్గలు మాత్రం వదులుగా కిందికి జారి ఉంటాయి. ఊహ తెలిసిన దగ్గర్నించీ సన్నాయి ఊదిన బుగ్గలవి. పై పెదవి మీద రెల్లు ఒరుసుకుని కట్టిన కాయ ఇప్పటికీ పోలేదు. కింద పళ్లు సొంతవి, పైన ముందున్నవి కట్టుడువి.

వాళ్లది చిలకలూరిపేట పక్కన పల్లె. తాత, తండ్రి, పెదనాన్నలు అందరూ సన్నాయి విద్వాంసులే. తెల్లవారుజామున గుళ్లో మేలుకొలుపు ఊది, ఇంటికొచ్చి నమాజు చేసుకుని, చద్దన్నం తిని పొలం పోయేవాళ్లు. అందులో వింతేముందో ఎవరైనా అడిగితే తప్ప వాళ్లకి తట్టేది కాదు. మీరా హుస్సేన్ కూడా పెళ్లిళ్లకీ కల్యాణోత్సవాలకీ అద్దంకి, దర్శి, వినుకొండ దాకా తిరిగాడు. తర్వాత పెళ్లిళ్లలోకి బ్యాండ్లొచ్చాయి, ఆ తర్వాత పెద్ద పెద్ద స్పీకర్లొచ్చాయి. తాళి కట్టే నిమిషానికి మాత్రం సన్నాయి కావాలనేవాళ్లు. చివరికి దానికీ ఫోనులో పాట పెట్టుకోవటం మొదలైంది. సరిగ్గా అప్పుడే ముందు పళ్లు కదిలాయి. పళ్లు పట్టు తప్పితే సన్నాయి పలకదు. ఏం చెయ్యాలో తెలియక ఇంట్లో కూర్చున్నవాణ్ణి, ఒకప్పుడు ఆయన కచేరీ విన్న ఈ హైస్కూలు పాత కరెస్పాండెంటు పిలిపించి, "ఊదలేకపోతే పాడించండి మాస్టారూ" అన్నాడు. అదే ఉద్యోగం. తలుపు మీద 'సంగీత విభాగం' అని రంగుతో రాయించింది కూడా ఆ పెద్దాయనే. చాలా ఏళ్లు ఆ విభాగమంటే మీరా హుస్సేన్ ఒక్కడే.

నాలుగేళ్ల కిందట స్తుతి వచ్చింది. చీరాల అమ్మాయి. చర్చిలో కీబోర్డు వాయిస్తూ పెరిగింది. పిల్లలు ఎక్కువయ్యారని హాలు మధ్యలో పలచటి చెక్కతో అడ్డు కట్టించి, ఒక సగం ఆమెకిచ్చారు. అప్పట్నించీ పిలవటానికి ఆయన హెడ్డు. ఆమె సెలవు చీటీ మీద సంతకం పెట్టటం తప్ప ఆ హోదాతో ఆయనకి పని పడలేదు.

నిన్న సాయంత్రం పడింది.

పాత కరెస్పాండెంటు కొడుకు నాగేంద్రబాబు చెడ్డవాడేం కాదు. కుర్చీ వేయించి, టీ తెప్పించి మరీ చెప్పాడు. జూన్ నించి పదో తరగతికి ఇంకో సెక్షను పెడుతున్నారు. గది కావాలి. సంగీతానికి ఇక ఒక్క గదే, ఒక్కరే.

"నాకు పాటల సంగతి తెలీదు మాస్టారూ. మీరు డిపార్ట్‌మెంట్ హెడ్డు. ఇద్దర్లో ఎవరుండాలో మీరే చెప్పండి. రేపు సాయంత్రంలోగా చెబితే టైంటేబుల్ వేయించుకుంటా. మీకింకా రెండేళ్ల సర్వీసుంది, అది కూడా చూసుకోండి."

అందులో చూసుకునేదేముంది అనుకుంటూనే ఇంటికి వెళ్లాడు మీరా హుస్సేన్. భార్య ఖాసింబీ కూడా ఆ మాటే అంది. "నువ్వుండాల్సిందే. ఆ పిల్లకి ఇది కాకపోతే ఇంకో బడి. నువ్వు ఇంట్లో కూర్చుంటే రోజంతా గోడలకి సరిగమలు చెబుతావు. నేను భరించలేను." ఆమె నవ్వుతూనే అంది, కానీ అందులో అబద్ధం లేదు. బజారులో నడుస్తుంటే ఏ కమీషన్ కొట్లోంచో ఒక కుర్రాడు లేచి నిలబడి "నమస్తే మాస్టారూ" అంటాడు. ఆ పిలుపు లేని జూన్ నెల ఎట్లా ఉంటుందో ఆయన ఊహకి అందలేదు.

రేపట్నించి ఒంటిపూట బడి. పరీక్షలయ్యే దాకా పాట పీరియడ్లుండవు. ఈ ఏటికి పాటకి ఇదే ఆఖరి రోజు.

మూడో పీరియడు ఏడో తరగతి. ఆయన పాట ఎత్తుకున్నాడు, పిల్లలు అందుకున్నారు. బాగానే వస్తోంది. అంతలో చెక్క అవతల స్తుతి క్లాసు కూడా మొదలైంది. ఆమె రాసి కట్టిన వానపాట.

*తొలకరి జల్లు దుక్కిని తాకె...*

ఒక గుంపు ఆ మాట అంటుండగానే ఇంకో గుంపు పై స్వరంలో అదే మాట పట్టుకుని సాగదీస్తోంది. ఈ పద్ధతి ఆయనకి మొదట్నించీ మింగుడుపడదు. పాటన్నాక అందరూ ఒక దారిన పోవాలి గానీ, ఇదేమిటి, తోడికోడళ్ల సంవాదంలాగా అని ఒకట్రెండుసార్లు అన్నాడు కూడా. స్తుతి నవ్వి ఊరుకుంది.

ఉన్నట్టుండి అవతల కీబోర్డు ఆగింది. స్తుతి గొంతూ ఆగింది. ఎవరో వచ్చి పిలిచినట్టున్నారు, తలుపు తెరిచిన చప్పుడు, వరండాలో ఆమె మాట్లాడటం వినిపించాయి. పాట మాత్రం ఆగలేదు. రెండు గుంపులూ దేని దారిన అది నడుస్తూ, చరణం చివర ఒకచోట కలుసుకుని, మళ్లీ విడిపోయి సాగిపోతున్నాయి.

మీరా హుస్సేన్ తన పాట పాడుతూనే చెవి అటు పెట్టాడు. తర్వాత ఎందుకో, సగం మాటలో తనూ ఆపేశాడు.

క్లాసంతా టక్కున ఆగిపోయింది.

పిల్లలందరూ ఆయన నోటి వంక చూస్తున్నారు. పెదవులు మళ్లీ ఎప్పుడు కదులుతాయా అని.

"ఏం, ఆపారే?" అన్నాడు.

ముందు వరసలో లక్ష్మీదుర్గ లేచింది. గొంతు మంచిది, చొరవ గల పిల్ల. "మీరు ఆపారుగా సార్."

"నేనాపితే మీకు రాదా?"

"వచ్చు సార్. కానీ మీరు పాడితేనే కదా మేం పాడేది."

 ఆయనకి తండ్రి తనకి నేర్పిన తీరు గుర్తొచ్చింది. ఆయన ఊదేవాడు, తను అనుకరించేవాడు. పదేళ్లు, పదిహేనేళ్లు అట్లా ఊదగా ఊదగా ఒకనాడు తన ఊపిరి తనకి తెలిసింది. కానీ ఈ పిల్లలకి పదిహేనేళ్లు ఎక్కడున్నాయి? వారానికి రెండు పీరియడ్లు. ఇన్నేళ్లలో ఎంతమందిని ఇట్లా తన నోటికి కట్టేసి పంపాడో అనిపించింది.  పిల్లల్ని చదువుకొమ్మని చెప్పి, లక్ష్మీదుర్గకి క్లాసు అప్పగించి పక్కగదిలోకి వెళ్లాడు.

స్తుతి అప్పుడే తిరిగొచ్చింది. "రండి మాస్టారూ. ఏమైనా కావాలా?"

"ఏం లేదమ్మా. కాసేపు వెనక కూర్చుంటాను. నువ్వు కానీ."

వెనక బల్ల మీద పిల్లల పక్కన మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నాడు. ఎనిమిదో తరగతి. కిందటేడాది దాకా వీళ్లు ఆయన దగ్గరే ఉన్నారు. పై స్వరం పట్టే గుంపుని నడిపిస్తున్న పిల్లని చూసి మొదట పోల్చుకోలేదు. శ్రీరమ్య. దర్శి వైపు నించి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుతున్న పిల్ల. రెండేళ్లు ఆయన క్లాసులో ఉండి ఒక్కనాడూ నోరు విప్పలేదు. 'ఈ పిల్లకి పాట అబ్బదు' అని ఆయన లోపల్లోపల తీర్మానం చేసేసుకున్నాడు. ఇప్పుడు ఆ పిల్ల కళ్లు మూసుకుని, వేలితో తొడ మీద తాళం వేసుకుంటూ పాడుతోంది. ఒకచోట కీబోర్డులో లేని చిన్న వంపు కూడా వేసింది. అది ఆయన వంపే. ఆయన తండ్రి సన్నాయి మీద వేసిన వంపు.

పాటయ్యాక దగ్గరికి పిలిచాడు. "ఏమ్మా, ఇంత గొంతు పెట్టుకుని నా దగ్గర పలకలేదేం? ఆ వంపు ఎక్కడ నేర్చుకున్నావు?"

"మీ దగ్గరే సార్."

"నా దగ్గర నువ్వు నోరు తెరిస్తేగా!"

శ్రీరమ్య తల వంచుకుంది. "మీరు బాగా పాడతారు సార్. అందుకని ఊరికే వినేదాన్ని. ఇక్కడ మేడమ్‌ మమ్మల్నే పాడమంటారు. అందుకని పాడుతున్నా."

మధ్యాహ్నం ఇద్దరూ ఆయన గదిలోనే క్యారియర్లు విప్పుకున్నారు. ఖాసింబీ గోంగూర పచ్చడి పెట్టింది. స్తుతి అందులో సగం తన అన్నంలో వేసుకుంది. అది రోజూ జరిగేదే. ఈ రోజు మాత్రం ఆమె ముద్ద కలుపుతూ తలెత్తకుండా అంది.

"నాకు తెలిసింది మాస్టారూ. ఒక్కరే ఉంటారంటగా. మీరేం మొహమాటపడొద్దు. నేను చీరాలలో ఒక బడికి అప్లై చేసుకున్నాను. మీకింకా రెండేళ్లేగా ఉంది. నేను వెళ్తాను."

"అక్కడ పాటల టీచరుగానేనా?"

"చిన్నపిల్లలకి రైమ్సు. ఫర్వాలేదు, అక్కడా పాటేగా."

ఎంత తేలిగ్గా తేల్చేసింది! ఊఁ అంటే చాలు. ఎవరూ తప్పు పట్టరు, ఆ అమ్మాయి కూడా. ఆ మాట ఆయన నాలుక చివరి దాకా వచ్చింది కూడా. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. "తిను ముందు, చల్లారిపోతుంది" అన్నాడు.

ఆఖరి గంట కొట్టాక కరెస్పాండెంటు గదికి వెళ్లాడు. నాగేంద్రబాబు ఫోను పక్కన పెట్టి, "చెప్పండి మాస్టారూ, మీ పేరు రాసుకోనా?" అన్నాడు.

"స్తుతి పేరు రాసుకోండి బాబుగారూ."

నాగేంద్రబాబు రాయబోతూ ఆగాడు. "ఆ అమ్మాయి మీద జాలిపడి అంటున్నట్టైతే వద్దు. నాన్నగారు ఉంటే నన్ను తిట్టిపోస్తారు."

"జాలి కాదండీ. మీరు నన్ను హెడ్డుగా అడిగారు, నేను హెడ్డుగా చెబుతున్నాను. నా గదిలో నేను పాడుతున్నాను. ఆ గదిలో పిల్లలు పాడుతున్నారు. బడి పిల్లలది కదండీ."

"మరి మీరు?"

"నాకేం, పాట ఎక్కడికి పోతుంది?" అన్నాడు మీరా హుస్సేన్.  

వరండా చివర స్తుతి ఎదురుపడింది. ప్యూను నోట విషయం అప్పటికే ఆమె చెవిన పడింది. మొహం ఎర్రబడి ఉంది.

"ఎవరడిగారు మాస్టారూ మిమ్మల్ని? నేను వెళ్తానన్నానుగా! మీ ఉద్యోగం నాకు దానం చేస్తారా? రోజూ ఆ గదిలోకి ఏ మొహంతో వెళ్లమంటారు?"

"దానమైతే పండగనాడు చేస్తాను, ఇవాళెందుకు?" అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆయన బల్ల మీద కూర్చుని, ఆమెనీ కూర్చోమన్నాడు. ఏడో తరగతిలో జరిగింది, శ్రీరమ్య అన్న మాట, ఏదీ దాచకుండా చెప్పాడు. వింటూ వింటూ స్తుతి చున్నీ అంచుతో కళ్లు ఒత్తుకుంది.

"నీ పద్ధతి నాకు నచ్చిందని కాదు. ఆ రెండు గొంతుల గొడవ నాకిప్పటికీ పూర్తిగా ఎక్కలేదు. కానీ పిల్లలు నిలబడుతున్నారమ్మా. నిలబెట్టేవాళ్లకే కదా గది ఇవ్వాల్సింది?"

"నాకు మీ గమకాలు రావు. ఆ పిల్ల ఇవాళ వేసిందే, అది నేను నేర్పలేను. కీబోర్డులో రెండు మెట్ల మధ్య ఏమీ లేదు."

"అదే చెబుతున్నా. వారానికి ఒక పీరియడు ఆ కీబోర్డు మూసెయ్యి. ఒట్టి గొంతుతో పాడించు."

"ఎవరు నేర్పుతారు నాకు?"

 ఆదివారాలు మీరా హుస్సేన్‌కి ఎప్పుడూ ఖాళీయే. ఇక అన్ని వారాలూ ఖాళీయే.

"ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రా. ఖాసింబీ అన్నం పెడుతుంది. ఆవిడ భయమల్లా నేను గోడలకి పాఠం చెబుతానని. నువ్వొస్తే ఆ గోడలు బతికిపోతాయి."

ఈసారి స్తుతి నవ్వింది. "నాతో పాటు శ్రీరమ్యని కూడా తీసుకొస్తా. వాళ్ల మామయ్యని నేను అడుగుతాను."

"తీసుకురా. నేను కూడా ఒకటి నేర్చుకోవాలి. ఆ రెండో గుంపు ఎక్కడ ఎత్తుకోవాలో ఎట్లా తెలుస్తుంది?"

"మొదటి గుంపుని వింటే తెలుస్తుంది మాస్టారూ."

ఆయన తలూపాడు. తన గదిలోకి వెళ్లి క్యారియర్ సంచీలో పెట్టుకున్నాడు. ఫ్యాను ఆపాడు. శ్రుతిపెట్టె బడిది కాబట్టి బీరువాలో పెట్టి తాళంచెవి స్తుతి చేతికిచ్చాడు. ఇంటికి పోవాల్సిన పిల్లలు కొందరు కిటికీ దగ్గర మూగి ఏదో తీసుకుంటూ, ఆయన్ని చూసి బుగ్గలు ఉబ్బించుకుని నోరు మూసుకున్నారు. వాళ్లని కదిలించకుండా, చెప్పులేసుకుని గేటు వైపు నడిచాడు. రోడ్డు మీద మిరప గోతాల ట్రాక్టరు అడ్డమొస్తే ఒక పక్కకి తప్పుకుని, ఆటోకి చెయ్యెత్తాడు. వెనక వరండాలో ఎవరో వానపాట ఎత్తుకున్నారు. ఇంకెవరో పై స్వరం పట్టుకున్నారు. ఆటో మలుపు తిరిగే దాకా ఆయన తల బయటికి పెట్టి విన్నాడు.

గది కిటికీలో, ఘాటుకి గొంతులు పట్టేసిన పిల్లల కోసం ఆయన ఉంచే పటికబెల్లం రేకు డబ్బా మూత వారగా తెరిచి ఉంది. దాని మీద చిన్న చిన్న వేళ్ల జిగురు ఇంకా ఆరలేదు.