వంటింటి గోడ మీద గీత

డబ్బాలన్నీ వసారాలోకి చేరవేసి, స్టవ్ మీద పాత చీర కప్పి, యాదలక్ష్మి వంటింటి గోడకు చెంబుతో నీళ్లు చల్లుతున్నది. టైల్స్ వేసే దశరథ్ పొడవాటి అల్యూమినియం పట్టీని గోడకు ఆనించి చూసి నవ్వాడు.

"గీ గోడ ఎవ్వలు పూసిండ్రక్కా? నడుమ పొట్టొచ్చింది, పైన లోపటికి పోయింది. గిట్లనే టైల్స్ అంటిస్తే ఒకటి ముందుకు, ఒకటి ఎనకకు ఉంటది."

"నేనే పూసిన."

హుజూర్‌నగర్‌లో ఈ ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ వానాకాలంలో పని సగంలో వదిలిపోయాడు. భర్త అమరేందర్ సిమెంటు మాలు కలిపి, నడుము పట్టేసిందని కూలబడ్డాడు. అప్పుడు అనూహ్య కడుపులో ఉంది. దగ్గరగా నిలబడితే పొట్ట గోడకు తగిలేది. దూరం నుంచే చెయ్యి చాపి పూసింది. ఆ ఎగుడుదిగుళ్లలో ఇన్నేళ్లూ నూనె జిడ్డు పట్టేది, చాకు మొనతో గీకి కడుక్కునేది. చుట్టాలొచ్చినప్పుడల్లా ఆయన గోడ చూపించి "మా మేస్త్రమ్మ పనితనం జర చూడుండ్రి!" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. చాయ్ అందిస్తూ ఆమె కూడా నవ్వేది. అలాంటి మనిషి తనంతట తానే "గోడ సాపు జేపిచ్చి టైల్స్ ఏపిద్దాం" అన్నప్పుడు ఆమెకు సంతోషం కంటే ముందు భయం వేసింది. అడక్కుండా ఏదైనా దొరికితే ఆమెకు భయమే. తర్వాత నమ్మింది. కష్టం గుర్తొచ్చిందేమోలే అనుకుంది.

దశరథ్ ఉలితో ఉబ్బును చెక్కేశాడు. కొత్త మాలు పట్టడానికి గోడంతా గాట్లు పెట్టాడు. పల్లాల్లోకి మాలు విసిరి, పట్టీని కింది నుంచి పైకి లాగాడు. రాలిన పెచ్చులను యాదలక్ష్మే తట్టకెత్తి బయట పోసి వచ్చింది. గోడ సాపుగా, తడిగా మెరుస్తుంటే కళ్లు నిండాయి.

ఇక స్టవ్ పెట్టే గట్టు ఎత్తు కొలవాలి. ఇంట్లో వండే ఆమెను గోడ పక్కన నిలబెట్టి, నడుము దగ్గర గీత గీయడం ఆ ఊరి మేస్త్రీల పద్ధతి. ఆమె కొంగు సర్దుకుని వచ్చి నిలబడింది.

"నువ్వెందుకక్కా, అన్న కొలత ఇచ్చిండు గదా," అంటూ అతను అప్పటికే మేకుతో గీసిన గీత చూపించాడు.

అది ఆమె ఛాతీ దాకా ఉంది.

"గింతెత్తా? పీటెక్కి వండాల్నా నేను?"

"ఏమో అక్కా. ఇగ గీడ ఉండేటామెకు సరిపోవాలె అన్నడు."

మొన్న బతుకమ్మ పండుగకు మరిది వెంకటేష్, అతని భార్య రమ వచ్చిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. రమ పొడగరి. ఆమెను ఈ గోడకే నిలబెట్టి అమరేందర్ టేపు పట్టాడు. అందరూ పడీపడీ నవ్వారు. గారెలు కాలుస్తున్న యాదలక్ష్మి, పొడుగును ఎగతాళి చేస్తున్నారనుకుని "పాపం, పిల్లను ఏడిపియ్యకుండ్రి," అంది కూడా.

అమరేందర్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ లోపలికొచ్చాడు.

"ఎవరి కొలతయ్యా గది?"

"రమది. తమ్మునికి గీడికి బదిలీ అయింది, ఇల్లు వాళ్లకిస్తున్న. మనం ఊరికి పోదాం. అమ్మ మంచాన పడ్డది, నువ్వు చేస్తెనే ఆమెకు పడ్తది."

"నాకు చెప్పలె."

"చెప్తే ఏడుస్తవని. అందరం అనుకున్నదే."

అందరం. నిన్న ఫోన్‌లో అనూహ్య "అమ్మా, సామాన్లు సర్దినవా?" అని అడిగింది. గోడ పని కోసమే అడిగిందనుకుంది. విడిపోవడాలంటే యాదలక్ష్మికి వణుకు. కానీ పుట్టిల్లు వదిలినప్పుడూ, అనూహ్యను అత్తారింటికి పంపినప్పుడూ ముందే తెలిసింది, ఏడ్వడానికి వ్యవధి దొరికింది. ఈసారి అదీ ఇవ్వలేదు. తన చేతి పూత తన చేతే ఎత్తి పోయించారు.

"మాలు గట్టిపడ్తాంది. గదే గీత ఉంచాల్నా అన్నా?" దశరథ్ తొందరపెట్టాడు.

ఇంటి కాగితాలు ఆయన పేరు మీదే ఉన్నాయని ఆమెకు తెలుసు. రేపు వెంకటేష్ సామాను లారీ వాకిట్లో ఆగితే ఏం చెయ్యాలో మాత్రం తెలియదు. వెళ్లి తడి గోడకు వీపు ఆనించి నిలబడింది. సిమెంటు చల్లదనం జాకెట్టులోంచి దిగింది.

"నా నడుం కాడ గీయి, దశరథ్."

"పిచ్చి లేసిందా? మరి అమ్మను ఎవ్వలు జూస్తరు?" అన్నాడు అమరేందర్.

"ఆమె కన్నది నిన్ను," అంది యాదలక్ష్మి. "నువ్వు పోయి జూస్కో. నేను ఈడనే ఉంట."