కన్ను పడిన ఉల్లిపొర

ఓర్వలేనివాళ్ళ కన్ను పడితే నిక్షేపంగా ఉన్న వస్తువైనా పాడైపోతుందని లోకంలో గట్టి నమ్మకం. జీవశాస్త్ర ప్రయోగశాలలో దానికి చోటుండదనుకుంటాం. ఉంటుంది.

ఒక కళాశాల ప్రయోగశాలలో ఇద్దరు తోడికోడళ్ళు పనిచేసేవారు. పెద్దకోడలు చాలా ఏళ్ళుగా ఉంది. చిన్నకోడలు నిన్నగాక మొన్న చేరింది. ప్రయోగశాల బాధ్యురాలి పదవి ఖాళీ అయింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడి ఎదుట ఇద్దరూ చెరొక ప్రయోగం చేసి చూపాలి. పెద్దకోడలు ఉదయమే చేసింది. తప్పు పట్టేందుకేమీ లేదు, మెచ్చుకునేందుకూ ఏమీ లేదు.

చిన్నకోడలి వంతు భోజనాల తరువాత. ఎర్ర ఉల్లిపాయ పొరను ఒలిచి, పలుచని చక్కెర నీటిలో పరచి, స్లైడు సిద్ధంగా పెట్టి వెళ్ళింది. ముందు నిండు కణాలను చూపించి, తరువాత చిక్కటి చక్కెర నీరు వేసి వాటిని ముడుచుకునేలా చేయాలని ఆమె పథకం.

అందరూ తినడానికి వెళ్ళాక పెద్దకోడలు మైక్రోస్కోపు దీపం వెలిగించి చూసింది. ఇటుకలు పేర్చినట్టు కణాలు, ప్రతిదానిలో అంచులదాకా గులాబీ రంగు. ఎక్కడా మడత లేదు, గాలిబుడగ లేదు. ఇన్నేళ్ళలో తాను ఒక్క పొరనైనా అంత శుభ్రంగా ఒలవలేకపోయింది. ఇంట్లో అత్తగారి మెప్పు ఆ చిన్నదానికే, ఇక్కడ ఈ పనితనమూ దానికే. చాలాసేపు చూసి, విసురుగా లేచి వెళ్ళిపోయింది.

పరీక్షకుడు వచ్చి కన్ను ఆనించాడు.

"నిండు కణాలన్నారు. ఇవన్నీ ముడుచుకుపోయి ఉన్నాయేమిటి?"

చిన్నకోడలు చూసి తెల్లబోయింది.

"భోజనాలకు ముందు నిండుగానే ఉన్నాయండీ, చిన్నమేడం నాకూ చూపించింది," అంది అందరికంటే ముందే తిని వచ్చిన ప్రయోగశాల ఆయా. "ఇందాక పెద్దమేడం రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంది. ఆవిడ బాగుందంటే నా కుండీలో గులాబీ మర్నాటికల్లా వాడిపోయింది."

"అక్కా, ఎంత పని చేశావు!" అంది చిన్నకోడలు.

"చూస్తే అరిగిపోతుందా?"

"అరగలేదు, ముడుచుకుంది. నీ కన్ను సంగతి నాకు తెలీదా?"

"నా కంటికే అంత శక్తి ఉంటే, మా ఇంట్లో అడుగుపెట్టిన రోజే నువ్వు ముడుచుకుపోయేదానివి!"

పరీక్షకుడు నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. "టీ తాగి వస్తాను. ఈలోగా కణాలనైనా నింపండి, కారణమైనా చెప్పండి."

నోరు మెదపకుంటే పదవి పెద్దకోడలిదే. పాడు కన్ను అన్న పేరూ ఆమెదే. అది ఇంటికీ వెంట వస్తుంది. పెద్దకోడలు స్లైడు కింది ఇనుప పలకను తాకింది. చురుక్కుమంది.

"నీరు ఆరకుండా అంచులకు వాజిలిన్ పూయలేదేం?"

"భోజనాలవగానే చూపిస్తాను కదా అని..."

"నీళ్ళు ఆవిరయ్యాయి. మిగిలిన చక్కెర నీరు చిక్కబడింది. కణం గోడను అంటుకుని ఉండే త్వచం నీటిని వదులుతుంది, చక్కెరను రానివ్వదు. లోపలి నీరు బయటికి పోయింది, త్వచం గోడను వదిలేసి ముడుచుకుంది."

"దీపం ఆర్పకుండా వెళ్ళిందెవరు?"

పెద్దకోడలు మీట నొక్కి దీపం ఆర్పింది. "నేనే."

"అదే నీ కన్ను!"

"కాదు, దీపం. కావాలంటే పరీక్షించు."

అదే ఉల్లిపాయ పొరలతో, అదే చక్కెర నీటితో చిన్నకోడలు రెండు స్లైడులు చేసింది. ఒకదాన్ని వెలిగే దీపం మీద పెట్టి, ఎవరూ చూడకుండా మైక్రోస్కోపు కంటిగొట్టానికి గుడ్డ చుట్టారు. రెండోదాన్ని కిటికీ వెలుతురుతో చూసే మరో మైక్రోస్కోపులో పెట్టి, దాని ముందు పెద్దకోడలు కూర్చుంది.

"మనస్ఫూర్తిగా కుళ్ళుకో అక్కా, లెక్క తప్పకూడదు."

"నువ్వు ఎదురుగా ఉన్నావుగా, కష్టపడక్కర్లేదు."

నిజంగానే కష్టపడనక్కరలేకపోయింది. ఆ వేళ్ళు ఒలిచిన పొర మీదినుంచి ఆమె చూపు తిప్పలేదు.

ఈలోగా చిన్నకోడలు పాత స్లైడుకు ఒక పక్క మంచినీటి చుక్క వేసి, చిక్కబడిన నీటిని లాగేందుకు రెండోపక్క అద్దుడు కాగితం ఆనించింది.

"రంగు బయటికి కారిందా?" అంది పెద్దకోడలు తల తిప్పకుండానే.

"లేదక్కా."

"అయితే త్వచం బతికే ఉంది. నిండుతుంది."

పరీక్షకుడు తిరిగి వచ్చి మూడింటినీ చూశాడు. దీపం మీద ఎవరూ చూడని స్లైడులో కణాలు ముడుచుకున్నాయి. పెద్దకోడలు చూసిన స్లైడులో ముడుచుకోలేదు. పాత స్లైడులో కణాలు మళ్ళీ గోడలదాకా నిండాయి. చిన్నకోడలు తన ప్రయోగం పూర్తిచేసింది. పదవి చిన్నకోడలికే ఇచ్చారు.