గాయని ఎక్కడ నిలబడింది

మేనేజరు ఇసోబె ఆ కబురు తెచ్చేసరికి కుజుమి దుకాణంలో నేలమీద మోకాళ్ళూని స్పీకరు వెనక తీగలు బిగిస్తున్నాడు.

"ఐదో అంతస్తులో కొత్తగా తెరిచే పాటలు వినే గదికి మిమ్మల్నే పెద్దని చేశారు కుజుమి గారూ. అదేంటి, ఈ వయసులో మళ్ళీ పెళ్ళి కుదిర్చినట్టు ఆ ముఖం?"

కుజుమి నవ్వాడు. ఇసోబె జేబులోంచి చొక్కాకి తగిలించుకునే ఒక నల్లటి చిన్న పలక తీసి అతని అరచేతిలో పెట్టాడు. తెల్లటి అక్షరాలతో పేరు, దానికింద ప్రధాన సలహాదారు అన్న హోదా. వెనకాల పిన్ను కొత్తగా మెరుస్తోంది.

"రేపు పదింటికి ప్రారంభం. పత్రికల వాళ్ళొస్తారు. మీ కళ్ళకి గంతలు కడతాం. ఏ వాయిద్యం ఏ పక్క నుంచి వినిపిస్తోందో మీరు వేలితో చూపించాలి. మీకదెంత పని."

కుజుమి పలకని చొక్కా జేబులో వేసుకున్నాడు. మళ్ళీ తీగలు అందుకున్నాడు. అతని ఎడమ చెవి పని చెయ్యడం మానేసి పద్నాలుగు నెలలైంది. ఓ పొద్దున్న అందులో ట్రాన్స్‌ఫార్మరు హోరులాంటిది మొదలై, మూడో రోజుకి ఆగిపోయింది. దాంతోపాటే అన్నీ ఆగిపోయాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, భార్య ఫుమికి కూడా.

రేడియో దుకాణాల బజారు అకిహబరలో అతనికిది ఇరవై ఏడో ఏడు. యుద్ధం అయిపోయాక రైలు పట్టాల కింద చెక్కబల్ల పరిచి, సైన్యం పారేసిన వాల్వులతో రేడియోలు అతికించి అమ్మేవాడు. అప్పట్లో ఒక్క కూత విని ఏ వాల్వు ఇంకెన్నాళ్ళు బతుకుతుందో చెప్పేవాడు. ఈ దుకాణంలో చేరాక అందరూ అతన్ని కొలబద్ద అని పిలవడం మొదలుపెట్టారు. మంగలివాళ్ళకీ, డాక్టర్లకీ, ఒకసారి రొయ్యల పడవ నడిపే ఆయనకీ ఏ స్పీకరుకి ఏ ఆంప్లిఫయరు జోడు కుదురుతుందో అతనే చెప్పాడు. అతనింట్లో మాత్రం వంటగది అలమరలో ఒకటే రేడియో, దానికి ఒకటే స్పీకరు.

ఈ పద్నాలుగు నెలలూ మనుషుల్ని చూసే నెట్టుకొచ్చాడు. పాట నచ్చితే భుజాలు దిగుతాయి, కాలి వేళ్ళు కదుల్తాయి. నచ్చకపోతే గడియారం చూసుకుంటారు. వచ్చినవాళ్ళకి ఎడమ వైపు నిలబడితే మాటలు కుడి చెవిన పడతాయి. కానీ ఒక్క చెవికి శబ్దం ఏ పక్కదో తెలీదు, రేపు కళ్ళకి గంతలు కడతారు.

మధ్యాహ్నం ఒక కొత్త జంట వచ్చింది. నెమోతో అనే గుమాస్తా, అతని భార్య చినామి. పెళ్ళయి నెల. ఆమె పూలగుడ్డలో ఒక రికార్డు మూటగట్టి తెచ్చింది, చేతి సంచిలోంచి అక్కడక్కడ ముడులేసిన ఎర్ర దారం తీసింది.

"మాది ఆరు చాపలు పట్టేంత గదండీ. ఇది గోడ నుంచి గోడకి. ఈ ముడి దగ్గర మా అత్తగారి బీరువా. దాన్ని జరపడానికి లేదు, ఆవిడలాగే."

"వస్తువులు కొందామని వచ్చి మా అమ్మని కొలుస్తావేంటి?" అన్నాడు భర్త, సిగ్గుపడుతూ.

కుజుమి దారం పరిచి చూసి, అరలో పట్టే స్పీకర్ల జతా, చిన్న ఆంప్లిఫయరూ ఎంచాడు. తీగలు కలిపాడు. రికార్డులో ఓ అమ్మాయి నెమ్మదిగా పాట అందుకుంది. మంద్రస్వరం పలచగా ఉంది, నీళ్ళెక్కువైన పులుసులాగా.

"ఈ ఆంప్లిఫయరుకి ఊపిరి చాలడం లేదు. పైరకం తీసుకుంటే మంచిది," అన్నాడు.

నెమోతో ఆ పైరకం ధర చీటీ తిప్పి చూశాడు. "వేడినీటి ఊటల విహారానికి వచ్చే ఏడు వెళ్దాంలే, ఆ డబ్బు దీనికి పెడదాం," అన్నాడు భార్యతో మెల్లగా.

చినామి కళ్ళు మూసుకుని తల అటూ ఇటూ తిప్పుతోంది. "ఏమండీ, ఈ అమ్మాయి ఎక్కడ నుంచుని పాడుతోంది? కాసేపు నా వెనక, కాసేపు మీ వెనక. అచ్చం అత్తయ్యే. ఇంట్లో ఎక్కడున్నారో తెలీదు, గొంతు మాత్రం అన్ని గదుల్లోనూ ఉంటుంది."

కుజుమి గబగబా అటు నడిచాడు. స్పీకర్ల వెనక్కి వంగి చూశాడు. కుడిదానికి ఎర్ర తీగ ఉండాల్సిన చోట నల్లది ఉంది. ఒక పెట్టె గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. మంద్రమంతా మధ్యలోనే చచ్చిపోతోంది. పనిలో చేరిన మొదటి రోజు చేసే తప్పు. రెండు చెవులున్నవాడెవడైనా ఒక్క క్షణంలో పట్టేస్తాడు.

తీగలు మార్చాడు. ఇంకేదో సర్దానని చెప్పి లేస్తే సరిపోయేది. స్క్రూడ్రైవరు నేలమీద పెట్టేశాడు. తర్వాత లేచి వచ్చి నడుం వంచి నమస్కరించాడు.

"ఆంప్లిఫయరు తప్పు కాదు. తీగ నేనే తిరగేసి పెట్టాను. నాకు ఎడమ చెవి వినపడదు. పాడేవాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలీదు."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. నెమోతో చేతిలో టోపీ తిప్పుతున్నాడు. చినామి మాత్రం చెయ్యి చాచి, రెండు స్పీకర్ల మధ్య ఉన్న చిన్న బల్లమీద గాల్లోకి వేలు చూపించింది.

"ఇప్పుడొచ్చింది. ఇదిగో, ఇక్కడ నిలబడింది."

కుజుమి ఆ ఖాళీ చోటుని చూశాడు.

వాళ్ళు చిన్న ఆంప్లిఫయరే తీసుకున్నారు. వెళ్ళబోతూ చినామి ఆగింది. "మా గదిలో అమర్చడానికి మీరే రండి. ఆ బీరువాతో మా వల్ల కాదు."

"నాకు వినపడదు కదమ్మా."

"నాకు వినపడుతుందిగా. మీరు జరపండి, నేను చెప్తాను."

సాయంత్రం ఇసోబెకి అంతా చెప్పాడు. ఇసోబె సిగరెట్టు వెలిగించాడు.

"ముందే చెప్పొచ్చుగా. మీ ఎడమ పక్కన నిలబడి మిమ్మల్ని ఎన్ని తిట్టుకున్నానో, అన్నీ దండగయ్యాయి." సిగరెట్టు ఆర్పేశాడు. "మరి రేపో?"

"రేపు పదింటికి ఆ నెమోతో దంపతుల ఇంటికెళ్ళి పెట్టెలు అమర్చి వస్తాను. ఎల్లుండి నుంచి మరమ్మతు బల్ల దగ్గర చోటుంటే ఇప్పించండి. చేతులు బాగానే ఉన్నాయి."

దీపాలార్పడానికి, మధ్యాహ్నం ఆ జంట పాట విన్న గదిలోకి వెళ్ళినప్పుడు అతనికి ఫుమి గుర్తొచ్చింది. కిందటి చలికాలం, కిటికీలోంచి చలిగాలి వస్తోందని, ఆమె తన పరుపు మార్చుకుని అతనికి కుడి పక్కన, వినపడే చెవి వైపు వేసుకుంది. ఎండాకాలం వచ్చి వెళ్ళినా మళ్ళీ జరపలేదు. కుజుమి కోటు తొడుక్కుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యన, చినామి వేలు చూపిన చోట, చిన్న బల్లమీద నల్లటి పేరు పలక ఉంది. దాని పిన్ను ఇంకా తెరవనే లేదు.