అట్ట మీది ఎడమ భుజం

"రికార్డు వేస్తున్నాం. అట్ట మీద మీ బొమ్మే ఉంటుంది" అని రికార్డు కంపెనీవాళ్లు పంపిన కబురు ఫోన్లో కనబడేసరికి, కొత్త కోడలు పొయ్యి మీది పాల సంగతే మర్చిపోయింది.

పెళ్లయి పదకొండు వారాలు. లిఫ్టులు బాగుచేసే మొగుడు, వాటి మోటార్ల రొదా ఇనపతాళ్ల కీచులూ కలిపి నలభై నిమిషాల మోత తయారుచేశాడు. అందులో రాగం లేదు, తాళం లేదు. చెవిలో రంపం పెట్టి కోసినట్టుంటుంది. దానికి ఆమె కాగితాలు కత్తిరించి, అతికించి అట్టబొమ్మ చేసింది. ఇద్దరి పేర్లూ పక్కపక్కనే వస్తాయట. పాలు పొంగి స్టవ్వంతా పాకినా ఆమెకు నవ్వే వచ్చింది.

"మిక్సీలో మేకులు పోసి తిప్పినట్టుంటుంది కదరా, దాన్ని వినేవాళ్లున్నారా?" కుట్టుమిషను ముందు నుంచి అత్త కొడుకునడిగింది.

"మూడొందల మంది ఉన్నారటమ్మా."

"పాపం, వాళ్లకి ఇంట్లో చెప్పేవాళ్లు లేరు కాబోలు. ఏదీ, బొమ్మ చూపించు అమ్మాయ్."

కోడలు ఫోను అందించబోయి ఆగింది. బొమ్మ నిండా పత్రికల్లోంచి కత్తిరించిన నోళ్లు, పళ్లు. వాటి వెనక గోధుమరంగు కాగితం, దాని మీద నీలం పెన్సిలు అంకెలు. బీరువా అడుగున ఓ కట్టలో దొరికింది. చిత్తుకాగితం అనుకుంది, అడగాలని తోచలేదు. అత్త మూడు రోజులుగా వెతుకుతున్నది దానికోసమేనని నిన్ననే తెలిసింది. తెలిసీ నోరు మెదపలేదు.

అంకెల మీద బొటనవేలు పెట్టి చూపించింది.

"బాగుంది" అంది అత్త, కళ్లజోడైనా పెట్టుకోకుండా. మళ్లీ బీరువా ముందు చతికిలబడింది. "నాకే మతి పోతోంది. లైబ్రరీ మేడం కోటు కొలతలవి. ఆవిడ ఎడమ భుజం కాస్త కిందికుంటుంది. అది పైకి తెలియకుండా కుట్టడం కుదరడానికి నాకు ఆరేళ్లు పట్టింది. కాగితం దాచుకోలేనిదాన్ని, ఇక పని మానెయ్యాలేమో."

కోడలు వెళ్లి ఆమె పక్కన కూర్చుని, ఫోను ముందుకు చాపింది.

"మీ మతికేం కాలేదు అత్తయ్యా. దాన్ని ముక్కలు చేసింది నేనే." బొటనవేలు తీసేసింది.

అత్త కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అమ్మా, తనకి తెలియక..."

"నువ్వుండరా." కోడలి వైపు తిరిగింది. "నిన్న నేను మంచం కింద దూరి వెతుకుతుంటే టార్చి పట్టుకున్నావు కదూ?"

"పట్టుకున్నాను."

"అప్పటికే తెలుసా?"

"తెలుసు."

తిట్టినా బాగుండేది. మొగుడు గోడకేసి చూస్తున్నాడు. కాసేపటి క్రితం ఇల్లంతా చెప్పుకు తిరగాలనిపించిన కబురు, ఇప్పుడు చేతిలో ఎక్కడ దాచాలో తెలియని వస్తువులా ఉంది.

"అసలు బొమ్మ నా దగ్గరే ఉంది. కాగితం ఊడదీసి ఇస్తాను" అంది కోడలు, నేల చూస్తూ.

"ముక్కలు నేనేం చేసుకోను?" అత్త లేచి, బల్ల మీద కొత్త కాగితం పరిచింది. "రేపు పదింటికి మేడం ఇంటికి పోదాం. కొలిచేది నేను. మళ్లీ ఎందుకు కొలుస్తున్నారని ఆవిడ అడిగితే చెప్పేది నువ్వు."