నుదుటి మీద సూది జాడలు

బొంతల పెద్దమ్మ కుట్టిన బొంత కప్పుకోని పిల్ల ఆ వీధిలో లేదు. అలాంటి మనిషి, ఈ వయసులో, ఎవరూ కప్పుకోని బొంతొకటి కుట్టడం పెట్టుకుంది. గ్రంథాలయం హాల్లో గోడకి తగిలించడానికట. దాని మీద ఆఫ్రికా మాస్కు ముఖం: పొడుగు ముక్కు, సగం మూసిన కళ్ళు, బొట్టంత నోరు. పుస్తకంలో బొమ్మ చూసి మనసు పారేసుకుంది. జనం తలెత్తి చూసేది ఒక్కటంటే ఒక్కటి కుట్టాలని ఆవిడ కోరిక.

సాయంత్రం హాలు మనిషి తీసుకెళ్ళడానికి వస్తాడనగా, చెల్లెలు వచ్చి, బొంత మీది ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“వీడికి పంటినొప్పా ఏంటే అక్కా? బుగ్గలు అలా ఉబ్బాయి!”

“నోర్ముయ్యవే,” అంది గానీ, పెద్దమ్మ లేచి వెనక్కి జరిగి చూసింది. నిజమే. ముచ్చటపడి నుదుటి మీద కుట్లు మరీ దగ్గరగా వేసేసింది. అక్కడ దూది అణిగి, గుడ్డ బిగిసి, కింద బుగ్గలు పొంగుకొచ్చాయి. పక్కమీది బొంతయితే ఎవరు చూస్తారు? ఇది గోడమీది ముఖమాయె.

వరస విడిచి వరస విప్పడం మొదలెట్టింది. కుట్టినప్పటి హుషారు విప్పేటప్పుడు ఎక్కణ్ణించి వస్తుంది? కళ్ళు మండాయి, మెడ పట్టేసింది.

చెల్లెలు దారప్పోగులు ఏరుతూ, “చిన్నప్పుడు నువ్వు జడేస్తే నా కనుబొమలు నెత్తికెక్కేవి. ఆ చెయ్యి ఇంకా మారలేదు,” అంది.

బుగ్గలు సర్దుకున్నాయి. కానీ నుదుటి నల్లగుడ్డ నేత గట్టిది. సూది దిగిన చోటల్లా చిల్లు నిలిచిపోయింది. నీళ్ళు చిలకరించింది, ఇస్త్రీ చేసింది. పూడితేగా!

“మళ్ళీ వదులుగా కుట్టెయ్, కనపడవు.”

“నా వల్ల కాదే. సూదిలో దారం ఎక్కించడానికే చూపు ఆనడం లేదు.” పెద్దమ్మ గోడకి జారగిలబడిపోయింది. ఇక హాలూ లేదు, గోడా లేదు అనుకుంది.

చెల్లెలు ఊరుకోలేదు. పుస్తకం తెచ్చి బొంత పక్కన పెట్టింది. బొమ్మలో ముఖానికి నుదురంతా చుక్కల వరసలు, చెక్కినవాడు ఉలితో పొడిచినవి. గుడ్డ మీద అవెలా తేవాలో తెలియక పెద్దమ్మ మొదట్లోనే వదిలేసిన చుక్కలవి.

“ఓసి నీ అసాధ్యం కూలా!” అంది చెల్లెలు.

పెద్దమ్మ ఒకసారి చూసి, కళ్ళు మూసుకుంది.

హాలు మనిషి వచ్చి బొంత చుట్టబోతూ ఆగాడు. “చుక్కలు భలే ఉన్నాయండీ. ఎలా కుట్టారు?”

“కుట్టలేదు నాయనా, విప్పాను.”

అతనికేం అర్థమైందో, తల ఊపి పట్టుకెళ్ళాడు.

“రేపు జనం తలెత్తి చూస్తారే అక్కా!”

“చూడనీ,” అంది పెద్దమ్మ, దారప్పోగుల మధ్యనే నడుం వాలుస్తూ. “నన్ను మాత్రం లేపకు.”