మూడో కత్తి

"ఆ కత్తి వంటింట్లో వాడొద్దని చెప్పానా లేదా? పదును లేని కత్తి వేలి మీదికే జారుతుంది."

"పదునే లేకపోతే గుమ్మడికాయ ఇట్టే ఎలా తెగుతోందండీ?" అంది భార్య తలెత్తకుండా.

అతను కత్తి లాక్కుని అటక మీద పడేశాడు. తన మాంసం కొట్టులో పనికిరాదని ఈ ఏడాది అతను ఇంటికి తెచ్చిన రెండో కత్తి అది.

"అటక నిండా కత్తులే. దొంగ ఎక్కితే వాడి పని అయిపోయినట్టే" అని గొణిగి, ఆమె సగం కోసిన కాయను పక్కకు నెట్టింది.

కొట్టు తెరిచి, ఉప్పునీళ్ళతో చెక్క దిమ్మ కడిగి, అతను మూడో కత్తిని కాగితంలోంచి తీశాడు. బొటనవేలి గోటి మీద వాదర అంచు ఆనించి పదును చూశాడు. జారకుండా పట్టుకుంది. మంచి ఇనుమే. పిడి మాత్రం నున్నగా ఉంది. ఇప్పటి పిడులన్నీ ఇంతే అనుకుని గుడ్డపీలిక చుట్టాడు. మొదటి కత్తికి ఒక్క చుట్టు సరిపోయింది. దీనికి నాలుగు పట్టాయి.

పెళ్ళయిన కొత్తలో మామగారు ఇచ్చిన కత్తి సానరాయి మీద అరిగి అరిగి ఆకులా పలచబడ్డాక గానీ విరగలేదు. దాని తరవాత ఏదీ చేతికి అచ్చిరాలేదు.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి పిడి అరచేతిలో తిరగడం మొదలుపెట్టింది. మేక మోకాలి కీలు దగ్గర కత్తి ఇరుక్కుంది. బలంగా నొక్కితే ఎముక చిట్లింది.

పాత ఖాతాదారు పెద్దావిడ మాంసంలోంచి ఎముక పెంకు ఏరి చూపించింది. "మొన్న ఇలాంటిదే మా మనవడి గొంతులో గుచ్చుకుంది. నీ చేతి ముక్కని కళ్ళు మూసుకుని వండేదాన్నయ్యా."

"కత్తి బాగాలేదమ్మా."

తూకం దగ్గరున్న బావమరిది లేచి వచ్చాడు. "ఇలా తే బావా. మా అక్కకంటే మొండిదా ఏంటి?" గుడ్డ అడ్డమనిపించి విప్పి దిమ్మ మీద పెట్టాడు. కత్తి కీలు చుట్టూ చప్పుడు లేకుండా తిరిగి వచ్చింది. పెద్దావిడ సంచి చాపింది. బావమరిది బావ ముఖంలోకి చూడకుండా కత్తి తుడిచి, పిడి అతని వైపు ఉండేలా పెట్టాడు.

అతను మళ్ళీ గోటి మీద చూశాడు. వాదర అలాగే ఉంది. తరవాత చెయ్యి చూసుకున్నాడు. బొటనవేలి కింద కండ ఎప్పుడు గుంటపడిందో తెలియదు. పిడికిలి బిగిస్తే చివరి రెండు వేళ్ళు ముడుచుకోలేదు.

ఇంటికి రాగానే అటక మీది కత్తులు రెండూ దించి గోటి మీద ఆనించాడు. భార్య చూసి, కంచాలు పెట్టింది.

భోజనాల దగ్గర బావమరిదికి వడ్డిస్తూ, "కొత్తది ఎలా ఉంది?" అని అడిగింది.

"మూడూ మంచివే" అన్నాడు అతను. ముద్ద కలిపి బావమరిది వైపు తిరిగాడు. "రేపటి నుంచి దిమ్మ దగ్గర నువ్వు నిలబడు. తూకం నేను చూసుకుంటా."

"నొప్పి తగ్గేదాకానే కదా బావా?"

"నొప్పి కాదురా. పట్టు పోయింది."

భార్య అతని కంచంలో ఇంకొంచెం గుమ్మడికాయ కూర వేసింది. అతను వద్దనలేదు.

తాళం వేసిన కొట్టులో, దిమ్మ మీద, ఆ గుడ్డపీలిక ఇంకా పిడి చుట్టూ ఉన్నట్టే గుండ్రంగా ముడుచుకుని ఉంది.