చిటికెడు పొడిపిండి

"సీలియాక్ తగ్గలేదట!" అని ఫోన్‌లో మా అక్క ఏడుస్తుంటే, పిండి కలిపే మిక్సరు రొదలో నేనదే మాటను గట్టిగా బావకు చేరవేశాను. నాది ఎటూ మైకు గొంతు. అయినా బేకరీలో రొట్టెలు కాల్చే తాతకు మాత్రం "సీలేశారట" అని వినబడింది.

"కొట్టుకి సీలేశారా? ఎవరయ్యా ఆ పాపిష్టోళ్ళు?"

విడమర్చి చెప్పే వ్యవధి లేదు. "పద బామ్మర్దీ, డాక్టరమ్మ ఇప్పుడే రమ్మందట," అంటూ బావ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వీధిలోకి దిగాడు.

బన్ను మా అక్క కూతురు. పుట్టినప్పుడు దాని బుగ్గలు చూసి బావ పెట్టుకున్న ముద్దుపేరది. కొన్నాళ్ళుగా ఆ బుగ్గలు కరిగిపోయాయి, పొట్ట ఉబ్బింది, తిన్నదేదీ ఒంటబట్టలేదు. మెట్లెక్కితే ఆయాసం. చివరికి గొంతులోంచి గొట్టం వేసి పేగు చూసి డాక్టరమ్మ జబ్బు పేరు తేల్చింది. గోధుమలోనూ బార్లీలోనూ ఉండే జిగురు లోపలికి వెళ్తే చాలు, ఒంటికి కాపలా కాయాల్సిన సైన్యమే తిరగబడి పేగు గోడను కొరికేస్తుందట. కంచే చేను మేయడమన్నమాట. గోధుమను జన్మంతా మానడమే మందు. బన్ను బన్ను తినకూడదు! పిండి తప్ప మరో ప్రపంచం తెలియని బావను ఆ మాట పిండేసింది.

ఆనాటినుంచి ఇంట్లో గోధుమ గింజ లేదు. పాపకోసం బియ్యప్పిండి రొట్టె బావే స్వయంగా బేకరీలో చేసేవాడు. జల్లెడ కొత్తది, గిన్నె కొత్తది, ట్రే కొత్తది. మిగతా పని మొదలవకముందే బల్లను వేణ్ణీళ్ళతో కడిగి మరీ చేసేవాడు. అయినా కడుపునొప్పి పోలేదు. ఇప్పుడు రక్తపరీక్ష కూడా అదే చెప్పింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ బన్నును దగ్గరికి తీసుకుంది. "నిజం చెప్పు తల్లీ, కోప్పడను. బళ్ళో ఎవరైనా బిస్కెట్టు పెట్టారా?"

"లేదండీ."

"ఒక్క ముక్కైనా?"

బన్ను కళ్ళు నిండాయి. "నేను తినలేదు నాన్నా. ఒట్టు."

అక్క చూపు నామీదికి తిరిగింది. "కౌంటర్‌లో కూర్చునేది నువ్వే కదరా. జాలిపడి ఏమన్నా పెట్టావా?"

"నాకు నోటిమీద అదుపు లేదు గానీ అక్కా, చేతిమీద ఉంది."

ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టింది. "తిండిలో తప్పు లేదంటే ఇంకా భయపడాలి. తిండి మార్చినా లొంగని రకమేమో చూడాలి. మళ్ళీ గొంతులోంచి గొట్టం వేయాల్సొస్తుంది."

గొట్టం అనగానే బన్ను నా వేలు పట్టుకుంది. ఆ పట్టుకు నా హాస్యమంతా ఆవిరైపోయింది.

"ఆ రొట్టె ఎలా చేస్తారో చెప్పండి," అంది డాక్టరమ్మ బావతో.

మా బావకు నోరు తక్కువ. చేతులే మాట్లాడతాయి. స్టెతస్కోపును పక్కకు జరిపి, లేని పిండిని జల్లించాడు, లేని ముద్దను కలిపాడు, గుండ్రంగా తిప్పాడు. కుడిచెయ్యి పక్కకు వెళ్ళి, బల్లమీద ఒక విసురు విసిరి వచ్చింది. ముద్దను దించాడు.

"ఆగండి. మధ్యలో ఏం చల్లారు?"

"నేనా? ఏం చల్లలేదండీ."

"మళ్ళీ చేయండి."

మళ్ళీ చేశాడు. చెయ్యి మళ్ళీ పక్కకు వెళ్ళింది. ఈసారి బావ కూడా చూశాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అది... పొడిపిండండీ. ముద్ద బల్లకి అంటుకోకుండా..."

"ఏ పిండి?"

బావకు బదులు "మైదా," అన్నాను నేను. నా జీవితంలో అంత చిన్నగా ఏ మాటా అనలేదు.

"మైదా గోధుమదే కదండీ," అంది డాక్టరమ్మ. "ఈ జబ్బుకి చిటికెడు చాలు."

"రొట్టెలో కలపలేదండీ... బల్లమీదే కదా..." అంటూ బావ తన చేతిని వేరెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. చేతివాటమంటే దొంగతనమనుకుంటాం. ఇది యజమానికే తెలియని చేతివాటం. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి అడక్కుండానే చల్లుతూ వచ్చింది. రొట్టె విరిగి నేతిలో పడాలంటారు. మాది పిండిలో దొర్లి పిల్ల పేగులో పడింది.

"ఐతే నేను దొంగతనంగా తినలేదుగా అమ్మా?" అంది బన్ను. అక్క దాన్ని గుండెకు హత్తుకుంది.

"ఇకమీదట ఇంట్లోనే చేయండి. బేకరీలో గాలినిండా పిండే," అంది డాక్టరమ్మ. "కొన్నాళ్ళాగి రక్తం చూద్దాం. గొట్టం మాట అప్పుడు."

భయం పోలేదు, వాయిదా పడింది. అదే పదివేలనుకుంటూ పాపతో సహా వీధి మలుపు తిరిగేసరికి కొట్టు ముందు జనం! తాత సంచీ సర్దుకుని మెట్టుమీద కూర్చున్నాడు. "పిండిలో ఎలుక దొరికిందని సీలేశారటగా?" అన్నాడు ఎదురింటి టైలరు.

ఎన్నడూ నలుగురిలో నోరు విప్పని బావ మెట్టెక్కాడు.

"సీలు కాదు, సీలియాక్. మా పాప జబ్బు పేరు. గోధుమ పడదు."

టైలరు ఓ అడుగు వెనక్కేశాడు. "అంటుకుంటుందా?"

"జబ్బు అంటుకోదు. పిండే అంటుకుంటుంది. నా చేతినుంచే అంటింది." ఆ చేతిని అందరికీ చాపి చూపించాడు. "జాలిపడి దానికేం పెట్టకండి. కొంచెమేగా అనకండి. కొంచెమే చాలు."

తాత మెట్టుమీంచి లేచాడు.

"ఐతే కొట్టుకి సీలెయ్యలేదా?" అన్నాడు తాత.

"కొట్టుకి కాదు తాతా, నా నోటికేశారు!" అంది బన్ను.

అందరూ నవ్వారు. తాత నవ్వుతూనే పాప బుగ్గ పుణకబోయి, తెల్లగా ఉన్న తన వేళ్ళు చూసుకుని, చెయ్యి వెనక్కి తీసుకుని కుళాయి వైపు నడిచాడు.